జక్కయ్య చెప్పిన లెక్క

ఒరే నాన్నా,

"రోజూ నాలుగింటికే లేచి ప్రార్థన చేస్తున్నాను, వారానికోసారి ఉపవాసం ఉంటున్నాను, అయినా దేవుడు పక్కనున్నట్టు అనిపించడం లేదేంటి పెద్దమ్మా" అని మెసేజ్ పెట్టావు. చివర్న రెండు చేతులు జోడించిన బొమ్మొకటి. ఇంత పెద్ద ప్రశ్నకి ఆ బుల్లి తెర మీద జవాబు కొట్టడం నా వల్ల కాదు. బడిలో పాఠాలు చెప్పి రిటైరైనదాన్ని, నాకు కాగితం కావాలి. చదివే ఓపిక నీకుందో లేదో గానీ రాసే తీరిక నాకుంది.

నువ్వు ఆ ప్రశ్న అడగడమే నాకు సంతోషం. బాప్తిస్మం తీసుకున్న ఏడాదికే అన్నీ తెలిసిపోయినట్టు మైకు పట్టుకునే కుర్రాళ్లని మన రాజోలు వైపు చాలామందిని చూశాను. "నాకు అనిపించడం లేదు" అని ఒప్పుకోవడానికి వాళ్లకి నోరు రాదు. నీకు వచ్చింది. అందుకే కాస్త చనువు తీసుకుంటున్నాను. చిన్నప్పుడు నా ఒళ్లో పెరిగినవాడివి, కోపం వచ్చినా నా మీద ఎక్కువసేపు నిలవదు.

సంక్రాంతికి మీ ఇంట్లో నాలుగు రోజులున్నాను కదా. తెల్లవారుజామున నువ్వు ప్రార్థన చేస్తుంటే పక్కగదిలో పడుకుని వింటూనే ఉన్నాను. ఎంత మెత్తగా మాట్లాడతావురా దేవుడితో! నాకే కళ్లు చెమర్చాయి. ఆరున్నరకి కాఫీ కాస్త ఆలస్యమైందని మీ ఆవిడ మీద అరిచిన గొంతు కూడా అదే. నేను అక్కడే కూర్చుని ఉన్నానన్న మొహమాటం కూడా లేదు. ఆ పిల్ల ఏమీ అనకుండా లోపలికి వెళ్లిపోయింది. నువ్వు బైబిలు మడిచి అలమరలో పెట్టి, బండి తీసి, కొట్టుకి వెళ్లిపోయావు. అలమరలో ఏం పెట్టి వెళ్లావో నీకు తెలియలేదు గానీ నాకు తెలిసింది. నాలుగు నుంచి ఆరు దాకా దేవుడి సమయం, ఆ తర్వాత లోకం పని అని నువ్వే గోడ కట్టుకున్నావు. కట్టుకున్నవాడివి నువ్వే అయ్యుండి, అవతల ఆయన కనిపించడం లేదని నన్నడిగితే నేనేం చెప్పను?

కొట్టు దగ్గరి సంగతి ఇంకాస్త చెప్పనీ. అంబాజీపేట మార్కెట్టులో వెయ్యి కొబ్బరికాయల ధర పొద్దున ఒకటీ సాయంత్రం ఒకటీ ఉంటుందని నాకు తెలుసు. ముక్కుడు కాయకో ధర, పచ్చికాయకో ధర, నెలల తరబడి అటకల మీద ఆరబెట్టిన కురిడీకి ఇంకో ధర. బేరం చెయ్యొద్దని నేననను, మీ తాత కూడా బేరం గట్టిగానే చేసేవారు. కానీ ఆ రాశి దగ్గర ఒలుపు ఒలిచే మనుషుల్ని నువ్వు పిలిచే తీరుంది చూడు, అదే నాకు గుచ్చుకుంది. నీ తండ్రి ఈడు మనిషిని "ఏరా, ఎన్ని వందలయ్యాయి" అంటావు. ఆయన గునపం మీంచి తలెత్తకుండా "ఏడొందలయ్యాయండి" అంటాడు. ఆదివారం మందిరంలో అదే మనిషికి ఎదురొచ్చి "వందనాలు బ్రదర్" అంటావు. ఆదివారం బ్రదరైనవాడు సోమవారానికి "ఏరా" ఎలా అయ్యాడు నాన్నా?

ఇక అసలు విషయానికి వస్తాను. ఈ ఉత్తరం రాయడానికి కారణం నీ మెసేజ్ ఒక్కటే కాదు.

మొన్న లంకలో ఒకరింట్లో కుటుంబ ప్రార్థన ఉందంటే పడవెక్కి వెళ్లాను. అక్కడ పంచలో మంచం మీద నీ తోటలో కొబ్బరి దింపు తీసిన మనిషి పడుకుని ఉన్నాడు. నన్ను గుర్తుపట్టి లేవబోయాడు. లేవలేకపోయాడు. పోయిన వానాకాలంలో తడిసిన చెట్టు మీంచి జారిపడ్డాడని విన్నానే గానీ, ఆ తర్వాత ఇలా ఉండిపోయాడని నాకు తెలియదు. ఆయన భార్య చెప్పింది. పడ్డ రోజు నువ్వే కారులో అమలాపురం తీసుకెళ్లావట, పదివేలు కట్టావట. పాస్టరుగారిని తీసుకొచ్చి ఆసుపత్రిలో ప్రార్థన చేయించావట. ఆ ఫోటో సంఘం గ్రూపులో నేనూ చూశాను, "ఆమెన్" అని కొట్టాను. తర్వాత నడుం ఆపరేషనుకని వాళ్లు కాకినాడ వెళ్లారు. పుస్తెలు తాకట్టు పెట్టారు. ఆ దింపు తాలూకు కూలి, పడేముందు ఎక్కిన చెట్లకి, ఇంకా నీ దగ్గరే ఉందట. ఆమె ఫిర్యాదుగా చెప్పలేదురా. "అయ్యగారు మర్చిపోయుంటారండి, మంచోరేనండి ఆయ్" అంది. తిట్టినా బాగుండునని నాకనిపించింది.

నీకు ఫోన్ చేసి అడిగితే ఏమన్నావో గుర్తుందా? "ఆయన కోసం రోజూ ప్రార్థన చేస్తున్నాను పెద్దమ్మా. ఆరోజు వానలో ఎక్కించినందుకు దేవుడి దగ్గర ఎంత ఏడ్చానో నీకు తెలియదు" అన్నావు. నీ ఏడుపు నిజమేనని నాకు తెలుసు. నువ్వు దొంగ కన్నీళ్లు కార్చే రకం కాదు. కానీ ఆ కన్నీళ్లు పడాల్సిన పంచ ఏటికి అవతల ఉంది. నువ్వు ఇవతల గదిలో కార్చావు.

లూకా సువార్తలో జక్కయ్య సంగతి సండే స్కూల్లో నేనే నీకు చెప్పాను. పొట్టివాడు, మేడిచెట్టెక్కాడు, యేసు తలెత్తి చూసి కిందికి రమ్మన్నాడు. పిల్లలకి చెట్టు ఎక్కడం ఇష్టం గనక అక్కడితో ఆపేసేదాన్ని. పెద్దయ్యాక చదవాల్సింది ఆ తర్వాతిది. యేసు వాళ్లింట్లో బస చెయ్యడానికి వెళ్లాడు. అక్కడ ఏ ప్రసంగం చేశాడో లూకా ఒక్క ముక్క రాయలేదు. జక్కయ్య ఏడ్చాడనీ రాయలేదు. లేచి నిలబడి లెక్క చెప్పాడు. ఆస్తిలో సగం బీదలకి. ఎవరి దగ్గర అన్యాయంగా తీసుకున్నాడో వాళ్లకి నాలుగింతలు. సుంకం వసూలు చేసినవాడు కదా, లెక్కలో ఆరితేరినవాడు. ఆయన పశ్చాత్తాపం కూడా తనకు బాగా వచ్చిన భాషలోనే పలికింది. ఈ ఇంటికి రక్షణ వచ్చిందని యేసు అన్నది ఆ అంకె విన్నాకే.

మన కూటాల్లో పశ్చాత్తాపానికి కన్నీళ్లుంటాయి, అంకెలుండవు. ఉపవాస ప్రార్థనల్లో గుండెలు బాదుకుంటాం, "పాపిని ప్రభువా" అంటాం. ఎవరి దగ్గర, ఎంత, ఎప్పుడిస్తావు అని అడిగేవాడు లేడు. మోషే ధర్మశాస్త్రం మనకంటే చాలా నిక్కచ్చిగా ఉంది. సంఖ్యాకాండం ఐదో అధ్యాయం తీసి చూడు. తప్పు చేసినవాడు ఒప్పుకోవాలి, తీసుకున్నది పూర్తిగా తిరిగివ్వాలి, దాని మీద అయిదో వంతు కలపాలి, ఎవరికి అపకారం చేశాడో ఆ మనిషి చేతికే ఇవ్వాలి. నూటికి ఇరవై అన్నమాట. ద్వితీయోపదేశకాండమైతే పేద కూలివాడి కూలి ఆ రోజు పొద్దు గుంకకముందే ఇచ్చెయ్యమంటుంది. ఇవ్వకపోతే అతను దేవుడికి మొరపెట్టుకుంటాడని, అది నీ లెక్కలో పాపంగా పడుతుందని కూడా చెబుతుంది. మీ తాత ఇది చదివారో లేదో నాకు తెలియదు గానీ, దింపు రోజు సాయంత్రం చీకటిపడే లోపల అరుగు మీద కూర్చుని కూలి పంచేవారు. చిల్లర లేకపోతే పక్కింట్లో మార్చుకొచ్చేవారు. ఒకరి కూలి మర్నాటికి ఉంటే ఆ రాత్రి ఆయనకి నిద్రపట్టేది కాదని మామ్మ ఎగతాళి చేసేది.

నువ్వు తెలివైనవాడివి గనక ఇక్కడ ఒక అభ్యంతరం లేవదీస్తావు. "యూదా కూడా డబ్బు తిరిగిచ్చాడు కదా పెద్దమ్మా" అంటావు. నిజమే. ముప్పై వెండి నాణేలు, ఒక్కటి తగ్గకుండా. తప్పు చేశానని నోటితో కూడా అన్నాడు. నేను చాలాకాలం దీని గురించి ఆలోచించాను. వాడు ఆ డబ్బు ఎవరి దగ్గరికి పట్టుకెళ్లాడో చూడు. తనని కొనుక్కున్న యాజకుల దగ్గరికి. వాళ్లు మాకేమిటన్నారు. గుడిలో విసిరేసి వెళ్లిపోయి ఉరి వేసుకున్నాడు. తను ద్రోహం చేసినవాడి వైపు గానీ, తనతో మూడేళ్లు తిరిగిన తోటివాళ్ల వైపు గానీ మొహం తిప్పలేదు. పేతురు తప్పు తక్కువదేమీ కాదు, మూడుసార్లు ఆయనెవరో నాకు తెలియదన్నాడు. కానీ ఆ సిగ్గుతోనే, ఆ పదిమంది మధ్యే ఉండిపోయాడు. చేపలు పట్టడానికి వెళ్తున్నానని వాళ్లతోనే అన్నాడు. ఉండిపోయాడు గనకే ఒడ్డున దొరికాడు.

ఆ ఒడ్డు ఘట్టం యోహాను సువార్త చివర్లో ఉంటుంది. నాకు బైబిల్లో అన్నిటికంటే ఇష్టమైన చోటు అదే. అంతర్వేదిలో వశిష్ఠ గోదావరి సముద్రంలో కలిసే చోట తెల్లవారకముందు నిలబడితే వేటకెళ్లిన పడవలు తిరిగి రావడం కనిపిస్తుంది. వల ఖాళీగా వస్తే జాలర్ల మొహాలు ఎలా ఉంటాయో మనవాళ్లకి ఎవరూ చెప్పక్కర్లేదు. అలాంటి తెల్లవారుజామున చావుని గెలిచి వచ్చిన ప్రభువు ఏం చేస్తున్నాడు? నిప్పు రాజేసి, చేపలు కాల్చి, రొట్టె సిద్ధం చేసి ఉంచాడు. రండి, తినండి అన్నాడు. మహిమ, మెరుపులు ఏవీ లేవు. వంట చేశాడు. అంతకు ముందు పేతురు ఆయన్ని ఎరగనన్నది కూడా బొగ్గుల మంట దగ్గరే, ప్రధాన యాజకుడి వాకిట్లో చలి కాచుకుంటూ. మళ్లీ అలాంటి మంట ముందే కూర్చోబెట్టి, ముందు కడుపు నింపి, తర్వాత మూడుసార్లు అడిగాడు నన్ను ప్రేమిస్తున్నావా అని. ఎందుకలా చేశావని ఒక్కసారీ అడగలేదు. అడిగిన ప్రతిసారీ ఒక పని అప్పగించాడు, నా గొర్రెల్ని మేపమని. అన్నట్టు, ఆ రోజు వలలో పడ్డ చేపలు నూట యాభై మూడని యోహాను లెక్కపెట్టి మరీ రాశాడు. సువార్తలు రాసినవాళ్లకి లెక్కలంటే మనకున్నంత చిన్నచూపు లేదు.

యాయీరు కూతురి సంగతి కూడా అంతే. పన్నెండేళ్ల పిల్ల చనిపోయి లేచింది, గదిలో ఉన్న తల్లిదండ్రులు, ముగ్గురు శిష్యులు నోళ్లు తెరుచుకుని చూస్తున్నారు. యేసు ఏం చెప్పాడు? పిల్లకి తినడానికేమైనా పెట్టమన్నాడు. అంత అద్భుతంలో ఆ పిల్లకి ఆకలేస్తుందని ఎవరికీ తట్టలేదు, ఆయనకి తట్టింది. దేవుడి సన్నిధి ఎలా ఉంటుందని నన్నడిగితే నేను ఈ రెండు చోట్లనే చూపిస్తాను. పొయ్యి దగ్గర, పళ్లెం దగ్గర. నీ కాఫీ గ్లాసు దగ్గర కూడా ఆయనున్నాడు ఆ పొద్దున. ఎవరి వైపు నిలబడి ఉంటాడంటావు?

మంచి సమరయుడి కథ మీద ఈ మధ్య నువ్వు యూత్ మీటింగులో మాట్లాడావని విన్నాను. అందరూ చెప్పేదే చెప్పి ఉంటావు, యాజకుడు పక్కనుంచి పోయాడు, లేవీయుడు పోయాడు, ఇతను ఆగాడు అని. ఆగడం పెద్ద విషయమేరా, నువ్వు కూడా ఆగావు, కారులో తీసుకెళ్లావు. నీ కథ అక్కడిదాకా సమరయుడి కథే. కానీ అతను మర్నాడు పూటకూళ్లవాడి చేతిలో రెండు దేనారాలు పెట్టాడు. అప్పట్లో అది రెండు రోజుల కూలి. పెట్టి ఊరుకోలేదు, ఇంతకు మించి ఖర్చయితే నేను తిరిగొచ్చినప్పుడు ఇస్తానన్నాడు. ఆ తిరిగొస్తానన్న మాటే నాకు కథంతటికీ ప్రాణం. మొదటిరోజు జాలి రక్తం చూస్తే ఎవరికైనా పుడుతుంది. రెండోసారి వెళ్లేటప్పటికి రక్తం ఉండదు, పుండు వాసన ఉంటుంది, బిల్లు ఉంటుంది, ఇంట్లోవాళ్ల విసుగు ఉంటుంది, ఫోటో తీసేవాళ్లు ఉండరు.

ఫోటో అంటే గుర్తొచ్చింది. పోయిన క్రిస్మస్‌కి దుప్పట్ల పంపిణీ చేశారు కదా మీ కుర్రాళ్లంతా. మంచి పనే, చలి బాగా ఉన్న రోజులు. కానీ ఆ ఫ్లెక్సీ ఎంత పెద్దది! దాని గుడ్డతో ఇంకో ఇద్దరికి కప్పుకోవడానికి సరిపోయేది. వరసలో నిలబడ్డ ముసలమ్మల్లో మీ మామ్మ స్నేహితురాలొకావిడ ఉంది. మొహం పక్కకి తిప్పుకుంది, నువ్వు "ఇటు చూడండి మామ్మగారూ" అన్నావు. చెప్పకుండా ఉండలేక చెప్పాను, ఇక ఎత్తను.

కనికరానికి లెక్క అక్కర్లేదనే మాట మన గోదారి జిల్లాల్లో పుట్టినవాడు అనకూడదు. 1833 నాటి కరువులో ఈ నది పక్కనే జనం ఆకలితో చచ్చిపోయారు. నీళ్లు కళ్లెదుటే సముద్రంలోకి పోతుంటే పొలాలు బీడుపడ్డాయి. చూసి కన్నీళ్లు పెట్టినవాళ్లు ఎందరో ఉండి ఉంటారు. ఆర్థర్ కాటన్ ఏటి మట్టం కొలిచాడు, అంచనాలు వేశాడు, అవి ఒప్పించేదాకా పైవాళ్లతో పేచీ పడ్డాడు. 1847లో మొదలుపెట్టి 1852కి ధవళేశ్వరం ఆనకట్ట పూర్తిచేశారు. గన్నవరం దగ్గర వైనతేయ పాయ మీదుగా కాలువని దాటించిన పాత అక్విడెక్టు ఆ ఏర్పాటులోదే, మన నగరం లంకకి నీళ్లొచ్చింది దాని మీంచే. ఆయన భక్తి గల క్రైస్తవుడు. అయినా కోనసీమలో ఆయన విగ్రహానికి దండ వేసే రైతుల్లో ఎక్కువమంది హిందువులే. వాళ్లకి ఆయన ఏ పాటలు పాడేవాడో తెలియదు, పొలానికి నీళ్లొచ్చాయని తెలుసు. ఒక్క సంగతి మాత్రం నన్ను ఎప్పుడూ తొలుస్తుంది, దొర పేరు అందరికీ తెలుసు, ఆ రాళ్లు మోసిన వేల కూలీల్లో ఒక్కరి పేరైనా మనకి రాదు. దేవుడికి వస్తుందనుకుంటాను.

మన ప్రాంతానికి సువార్త తెచ్చినవాళ్లు కూడా పెద్ద పెద్ద చదువుల దొరలు కారు. విలియం బౌడెన్, జార్జ్ బీర్ అని ఇద్దరు, గ్రోవ్స్ అనే మిషనరీ వెంట 1836లో ఇంగ్లండు నుంచి భార్యలతో సహా వచ్చినవాళ్లు. ఏటికి అవతల నర్సాపురం, పాలకొల్లుల్లో కాపురం పెట్టారు. ఏ సొసైటీ నుంచీ జీతం లేదు. కరువు మచ్చలు ఇంకా మానని ఊళ్లలో, ఎండలో, దోమల్లో, ఏళ్ల తరబడి ఉండిపోయారు. సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కి నర్సాపురం వెళ్లినప్పుడల్లా నాకు వాళ్లే గుర్తొస్తారు. వచ్చి వెళ్లిపోయినవాళ్లయితే మనదాకా ఏదీ వచ్చేది కాదు.

ఇప్పుడు కాస్త కష్టమైన మాట. 2022 మే 24 నీకు గుర్తుండే ఉంటుంది. జిల్లా పేరు ముందు అంబేద్కర్ గారి పేరు పెట్టడం మీద అమలాపురం తగలబడింది. మంత్రి ఇల్లు, ఎమ్మెల్యే ఇల్లు మంటల్లో ఉన్నాయని టీవీలో చూస్తూ కూర్చున్నాం. చాలా రోజులు ఇంటర్నెట్ కూడా లేదు. ఆ రాత్రి మన మందిరంలో శాంతి కోసం ప్రార్థన పెట్టారు. పేట నుంచి వచ్చినవాళ్లు ఒకవైపు కూర్చున్నారు, మిగతావాళ్లు ఒకవైపు. ఎవరూ అలా కూర్చోమని చెప్పలేదు. రెండు నెలలు తిరక్కుండానే జూలైలో గోదావరి పొంగింది. ధవళేశ్వరం దగ్గర పాతిక లక్షల క్యూసెక్కులు దాటింది, లంకలన్నీ నీళ్లలో ఉన్నాయి. అప్పుడు పడవలోంచి పాల ప్యాకెట్టు అందించిన చేయి ఏ పేటదని ఎవరూ అడగలేదు. 1996 నవంబరు 6 రాత్రి తుపానులో కూడా అంతే. వెయ్యిమందికి పైగా పోయారు, కొబ్బరి తోటలన్నీ నేలకొరిగాయి, గట్టి కప్పున్న చోటల్లా అందరూ ఒకరినొకరు ఆనుకుని కూర్చున్నారు. నీళ్లు తీసేశాక మళ్లీ ఎవరి రేవు వాళ్లదే.

ప్రకృతి పెట్టిన బలవంతానికి కలిసి కూర్చోవడాన్ని నేను మారుమనస్సు అనలేను. మే నెలలో మనసులో మనం ఎవరి గురించి ఏం అనుకున్నామో, ఇంట్లో అన్నం తింటూ ఏ మాటలన్నామో, పిల్లలు విన్నారు. వాటి గురించి ఒక్క మందిరంలోనైనా ఎవరైనా నోరు విప్పి ఒప్పుకున్నట్టు నేను వినలేదు. బల్ల దగ్గర ఒకే రొట్టె విరుస్తాం, పెళ్లి సంబంధం దగ్గరికొచ్చేసరికి రొట్టె విరిచినవాడి కులం అడుగుతాం. ఈ మాట మీ పెదనాన్న ఉండగా అంటే "నీకెందుకే" అనేవారు. ఇప్పుడు ఆపేవాళ్లు లేరు గనక అంటున్నాను.

మన వీధిలోనే మూడిళ్ల అవతల కువైట్ వెళ్లిన అమ్మాయి పిల్లాడున్నాడు, అమ్మమ్మ దగ్గర పెరుగుతున్నాడు. ప్రతి ఆదివారం ఆ తల్లి పేరు ప్రార్థన కాగితంలో చదువుతారు. ఆ పిల్లాడికి లెక్కలు రావడం లేదని వాళ్ల అమ్మమ్మ నాతో అంది. నీకు లెక్కలు బాగా వచ్చు. ఇంతకంటే దీన్ని పొడిగించను.

ఇక నువ్వు చెయ్యాల్సింది. రేపో ఎల్లుండో లంకకి వెళ్లు. పాస్టరుగారిని తీసుకెళ్లకు, ఆయనుంటే నువ్వు చెప్పాల్సిన మాట ఆయన చెప్పేస్తారు. ఫోను జేబులోనే ఉంచు. పళ్లబుట్ట, అట్టపెట్టె ఇలాంటివేమీ వద్దు, పరామర్శలా అయిపోతుంది. మంచం పక్కన కింద కూర్చో, కుర్చీ వేస్తారు, వద్దను. "వాన పడుతోంది వద్దండీ అని మీరు అంటున్నా నేనే ఎక్కించాను, తప్పు నాది" అని ఆయన భార్యా పిల్లలు వింటుండగా చెప్పు. "దేవుడు నన్ను పంపాడు" అనొద్దు. అదంటే ఆయన నిన్ను తిట్టడానికి కూడా వీల్లేకుండా పోతుంది. తిడితే విను. తిట్టకపోతే ఇంకా కష్టం, అయినా విను.

తర్వాత లెక్క. ఆగిపోయిన కూలి, కాకినాడ ఆసుపత్రి ఖర్చు, తాకట్టు వడ్డీ, పని లేని నెలల కూలి, అన్నీ ఆవిడనే చెప్పమను. ఆవిడ తగ్గించే చెబుతుంది, నాకు తెలుసు, నువ్వు పెంచి రాసుకో. దాని మీద అయిదో వంతు వెయ్యి. ఒకేసారి ఇవ్వలేకపోతే ఎప్పుడెప్పుడు ఎంతిస్తావో కాగితం మీద రాసి వాళ్ల చేతికివ్వు, నీ దగ్గర ఉంచుకోకు. మందిరం సౌండు బాక్సుల చందాకి నువ్వు ఒప్పుకున్న మొత్తం ముందు ఇటు మళ్లించు. బలిపీఠం దగ్గర అర్పణ వదిలేసి ముందు సహోదరుడితో సమాధానపడమని ప్రభువే చెప్పాడు గనక సంఘంలో ఎవరైనా అడిగితే నా పేరు చెప్పు, నేను చూసుకుంటాను. ఆయన మళ్లీ చెట్టెక్కలేడు. కూర్చుని చేసే పని నీ దగ్గర చాలా ఉంది. రాశి దగ్గర కాయలు లెక్కపెట్టడానికి, కురిడీ అటక చూసుకోవడానికి నమ్మకమైన మనిషి కావాలని నువ్వే కదా అంటున్నావు.

ఇంకొకటి, వచ్చే దింపు లోపల. కొబ్బరి అభివృద్ధి బోర్డు వాళ్లు చెట్లెక్కేవాళ్ల కోసం కేర సురక్ష అని ప్రమాద బీమా పెట్టారు. మన తోటల్లో ఎక్కేవాళ్లలో దాని పేరు విన్నవాళ్లే తక్కువ. ఆధార్, ఫోటో, బ్యాంకు పుస్తకం పట్టుకుని నీ దగ్గర ఎక్కేవాళ్లందరి చేతా అర్జీ పెట్టించు, వాళ్ల వాటా ప్రీమియం నువ్వే కట్టు. రెండు నెలలకోసారి దింపు ఉంటుంది గనక నీకు ఎక్కువ వ్యవధి లేదు. వాన రోజు చెట్టెక్కించనని నలుగురిలో చెప్పు, అప్పుడు మాట తప్పాలంటే నీకే సిగ్గేస్తుంది. పక్క తోటల వాళ్లు నవ్వుతారు. నవ్వనీ.

ఇదంతా చేశాక ఆయన నిన్ను క్షమిస్తాడని గ్యారంటీ లేదురా. క్షమించకపోవడం ఆయన హక్కు, ఆ నడుం ఆయనది. నువ్వు ఆయన దగ్గర క్షమాపణ కొనడానికి వెళ్లడం లేదు. బాకీ తీర్చడానికి వెళ్తున్నావు. దేవుడు నిన్ను ఎప్పుడో క్షమించాడు, సిలువ మీద ఆ లెక్క అయిపోయింది. ఆ ధైర్యంతోనే నువ్వు మనిషి దగ్గర బాకీ ఒప్పుకోగలగాలి. క్షమాపణ దొరికింది గనక బాకీ అక్కర్లేదనుకునేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

దేవుడు పక్కనున్నట్టు అప్పుడైనా అనిపిస్తుందా అంటావేమో. చెప్పలేను. నాకు ఆసుపత్రి బెంచీల మీద, పరీక్ష పేపర్లు దిద్దుతూ, ఒకసారి పంటులో గొడవపడుతున్న ఇద్దరి మధ్య కూర్చుని కూడా ఆయనున్నట్టు అనిపించింది. ఉపవాస కూటాల్లో చాలాసార్లు ఏమీ అనిపించలేదు, ఆకలి తప్ప. అనిపించడం నీ చేతిలో లేదు, వెళ్లడం నీ చేతిలో ఉంది.

వెళ్లొచ్చాక ఒక్క పని మాత్రం చెయ్యకు. వచ్చే ఆదివారం సాక్ష్యాల సమయంలో లేచి ఈ సంగతి చెప్పకు. ఎంత బాగా చెప్పగలవో నాకు తెలుసు, అందరూ ఏడుస్తారు కూడా. ఆ మనిషి సంఘంలోనే ఉన్నాడు, ఆయన కొడుకు మూడో వరసలో కూర్చుంటాడు, ఆయన నడుం నీ సాక్ష్యానికి ముడిసరుకు కాకూడదు. ఎవరికైనా చెప్పాలనిపిస్తే మీ ఆవిడకి చెప్పు. కాఫీ తాగుతూ చెప్పు, కాఫీ నువ్వే పెట్టి.

పడవ పొద్దున ఏడింటికుంది. రేవులో అడిగితే ఇల్లు చూపిస్తారు.

మీ పెద్దమ్మ